బాపయ్య మొక్కకి ఎడమ కొమ్మ

కాదండీ, మొక్క చచ్చిపోలేదు. నిన్న కుక్కరు కూతేసిందని సగంలో లేచి వచ్చేశాను కదా, అందుకని మీరలా అనుకున్నట్టున్నారు. మొక్క నిక్షేపంగా ఉంది. లేనిదల్లా దాని ఎడమవైపు కొమ్మ. ఆ కొమ్మ కోసమే కదా బాపయ్య ఇన్నేళ్ళూ మనశ్శాంతి లేకుండా బతికింది. అది పోయాక తక్కినదంతా ఎంత పచ్చగా ఉంటే మాత్రం ఏం చేసుకోను? అసలు మొక్కే ఎండిపోయి ఉంటే నాకింత చిరాకు ఉండేది కాదు. వెంకటేశ్వరమ్మ దాన్ని పీకి పొయ్యిలో పెట్టుకునేది, గొడవ వదిలిపోయేది.

సరే, బాపయ్య ఎవరో తెలియకుండా కొమ్మ గురించి ఎంత చెప్పినా మీకు అర్థం కాదు. మొదటినుంచి చెప్తాను. క్లాసులో కూడా నేనింతే, పద్యం మొదలుపెట్టేలోపు గంట కొట్టేసేవాళ్ళు.

మాది అద్దంకి దగ్గర పల్లె. ఆ ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పి, అక్కడే రిటైరై, అక్కడే ఉండిపోయాను. మా ఎదురిల్లు బాపయ్యది. ఇంటిని ఆనుకుని ఎత్తుగా ఇటుకల బ్యారన్, అంటే పొగాకు కాల్చే కొట్టం. తాతది పొగాకే, తండ్రిది పొగాకే, ఈయనదీ పొగాకే. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. కనుబొమలు ఎప్పుడూ ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు ముడిపడి ఉంటాయి గానీ, నిజంగా కోపం వస్తే మాత్రం నోరు తెరవడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. తిట్టేవాడైతే నాలుగు తిట్టి చల్లబడతాడు. ఈయన అలుగుతాడు. భార్య వెంకటేశ్వరమ్మ ఆయనకి సరిగ్గా తిరగేసిన మనిషి. మనసులో ఉన్నది నోట్లోకి రావడానికి ఆవిడకి రెప్పపాటు కూడా పట్టదు.

పొగాకువాళ్ళ చేతులు మీరెప్పుడైనా చూశారా? ఎంత తోమినా పోని నల్లటి జిగురు. అన్నం కలుపుకుంటే అన్నం చేదు. ఆ చేతులతో వాళ్ళు చేసే పనేమిటో చెప్తాను, ఇది ముఖ్యం, పరధ్యానంగా వినకండి. మొక్క ఎదిగి మొగ్గ తొడిగే వేళకి తల తుంచేస్తారు. అప్పుడు బలమంతా ఆకుకి దిగాలి. కానీ మొక్క ఊరుకోదు కదా. ప్రతి ఆకు మొదట్లోనుంచీ ఓ పిలక తోసుకొస్తుంది. దాన్ని గోటితో గిల్లేయాలి. మళ్ళీ వస్తుంది, మళ్ళీ గిల్లాలి. పిలక ఉందంటే ఆకు పలచబడుతుంది, ఆకు పలచబడిందంటే వేలంలో ఎవరూ కొనరు. బాపయ్య నడక నేర్చిన దగ్గర్నుంచీ గిల్లుతూనే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో నిద్రలో దుప్పటి అంచు దారాలన్నీ పీకి పోగులు పెట్టేవాడట. ఈ సంగతి వెంకటేశ్వరమ్మ ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తుంది.

వేలం అన్నాను కదా. అక్కడ బేళ్ళన్నీ, అంటే గోనెలో కట్టిన పొగాకు మూటలన్నీ, వరసగా పెడితే కంపెనీల వాళ్ళు నడుచుకుంటూ పోతూ ధర చెప్తారు. ఎవరూ చెప్పకపోతే దాన్ని నో బిడ్ అంటారు. ఆ బేలు మళ్ళీ బండెక్కించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. అలా తిరిగొచ్చిన రోజు బాపయ్య ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కావు.

రెండువేల సంవత్సరం గుర్తుందా? పొగాకు అమ్ముడుపోక మిగిలిపోయిందని క్రాప్ హాలిడే అన్నారు. ఆ ఏడు ఎవరూ పొగాకు వేయకూడదు. బడికి సెలవిస్తే పిల్లలు గంతులేస్తారు, పంటకి సెలవిస్తే రైతేం చేస్తాడు? శనగలు చల్లాడు. శనగ తన మానాన తను పెరుగుతుంది, చేతికి పని ఉండదు. రోజూ మా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్తూ చెప్తూ మా మందార మొక్క చిగుళ్ళన్నీ గిల్లేసి పోయేవాడు. ఇదేమిటండీ బాపయ్యగారూ అంటే, అరచెయ్యి చూసుకుని తనే తెల్లబోయేవాడు.

ఎలాగూ ఖాళీయే కదా అని ఆ చలికాలం ఊళ్ళో రైతులంతా బస్సు మాట్లాడుకుని బెంగళూరు, మైసూరు, ఊటీ బయల్దేరారు. నేనప్పుడే రిటైరయ్యాను, నన్నాపేవాళ్ళెవరు? నేనూ ఎక్కేశాను. ఘాట్ రోడ్డు మీద బస్సులో సగంమంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టుకునే వచ్చారు. ఊటీలో అందరూ నీలగిరి తైలం సీసాలు కొనుక్కుంటుంటే బాపయ్య కనపడలేదు. వెతుక్కుంటూ వెళితే ఓ నర్సరీలో నిలబడి ఉన్నాడు.

ఆయన ముందు పళ్ళెంలాంటి కుండీలో మోకాలెత్తు చెట్టు. మొక్క కాదండీ, చెట్టే. మొదలు ముడతలు పడి ఉంది, కొమ్మలు మెట్లు మెట్లుగా పరుచుకుని ఉన్నాయి, ఆకు మాత్రం గోరింటాకులో సగం లేదు. బాక్స్‌వుడ్ అట. నర్సరీ ముసలాయనకి కాస్త తెలుగు వచ్చు. వాళ్ళ నాన్న పెట్టిన చెట్టని చెప్పాడు. బాపయ్య నా చెవి దగ్గరికి వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు మెల్లగా అన్నాడు.

“టీచరుగారూ, ఎన్ని పిలకలుంచారో చూశారా? పొలంలో ఉంటే ఒక్కటి మిగలనిచ్చేవాళ్ళం కాదు.”

ఆ చెట్టు అమ్మనన్నాడు ముసలాయన. దాని బదులు చిన్నది ఇచ్చాడు. వేలెడు లావు మొదలు, కుడివైపు కొమ్మలున్నాయి, ఎడమవైపు మాత్రం బోడి. కింద ఎడమపక్క ఒక్క కొమ్మ వస్తే ఇది చెట్టవుతుంది, రాకపోతే ఎప్పటికీ చీపురే అని చెప్పాడు. పైన కత్తిరించండి, కింద చిగుళ్ళు వస్తాయి, వాటిలో సరైనదొకటి చూసుకుని ఉంచండి, అది ముదిరాక తీగ చుట్టి వంచండి అన్నాడు. తల తుంచితే పిలకొస్తుందని నాకు పాఠం చెప్తున్నాడు చూడండి అని బాపయ్య నవ్వాడు. ఆయన పళ్ళు నేను సరిగ్గా చూసింది ఆ రోజే.

ఇంటిదాకా ఆ కుండీ ఒళ్ళోంచి దించలేదు. వెంకటేశ్వరమ్మ విసుక్కుని వెనక సీటుకి పోయి పడుకుంది. నేను పక్కన కూర్చుని, ఏముందండీ దీంట్లో అంతగా అని అడిగాను. కుండీని ఒళ్ళో సర్దుకుని చెప్పాడు.

“పుట్టిన దగ్గర్నుంచీ గిల్లడమే అయిపోయింది. ఒక్కటి, ఒక్కదాన్ని వదిలిపెట్టి, అది కొమ్మయ్యేదాకా చూడాలనుందండీ.”

నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న కోరిక తీరడానికి ఎంతకాలం పడుతుందిలే అనుకున్నాను.

కుండీ బ్యారన్ నీడన అరుగు మీద పెట్టాడు. మా అద్దంకి ఎండలు ఎక్కడ, ఊటీ చలి ఎక్కడ. బోరు నీళ్ళు ఉప్పన, పోస్తే ఆకు అంచులు మాడిపోయాయి. అందుకని పంచాయతీ పంపు మంచినీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. పంపు దగ్గర మనుషులు బిందెలు పట్టుకుని కొట్టుకుంటుంటే ఈయన చెట్టుకి మంచినీళ్ళు పోస్తున్నాడని ఊళ్ళో ఆడవాళ్ళంతా వెంకటేశ్వరమ్మని దులిపేశారు. పైగా ఆ మొక్కకో వాసన. వాన పడి ఎండ కాసిందంటే అచ్చం పిల్లి ఉచ్చ కంపే. అది మొక్క వాసనని తెలియక ఆవిడ అరుగంతా ఫినాయిలు పెట్టి కడిగి, వీధిలో పిల్లి కనపడితే చాలు చీపురు పుచ్చుకుని తరిమేది. మొక్కదే వాసన అని తేలాక చీపురు మొగుడి వైపు తిప్పిందనుకోండి.

వానలు పడగానే బాపయ్య మొక్క తల కత్తిరించాడు. కొన్నాళ్ళకి కర్రంతా నువ్వుగింజలంత చిగుళ్ళు. వాటిలో ఒకటి సరిగ్గా ముసలాయన చెప్పిన చోట, ఎడమవైపు కింద. ఇది చూపించడానికి బాపయ్య నన్ను పిలిచాడు. ఒంటి చెప్పుతో పరిగెత్తాను, రెండోది దొరక్క. ఇద్దరం దాని పక్కన కూర్చుని, వచ్చే ఏడు పొగాకు వేయనిస్తారా లేదా అని మాట్లాడుకున్నాం. నేను వాళ్ళూ వీళ్ళూ అన్న మాటలన్నీ చెప్పుకొచ్చాను, ఆయన ఊ కొట్టాడు. వెళ్దామని లేచి చూద్దును కదా, ఆయన అరచేతిలో పచ్చటి పొట్టు. మొక్క మీద ఒక్క చిగురు లేదు. ఎడమవైపుదీ లేదు.

బాపయ్య చెయ్యి చూసుకున్నాడు, మొక్కని చూశాడు, మళ్ళీ చెయ్యి చూసుకున్నాడు. లేచి బ్యారన్ వెనక్కి పోయాడు. కాసేపటికి ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. నేను ఆ ఒంటి చెప్పుతోనే ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత మొక్క దగ్గర కూర్చునేటప్పుడల్లా బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టుకునేవాడు. గాయమా అని అడిగినవాళ్ళకి అవుననే చెప్పేవాడు. మరుసటి ఏడు పొగాకు వేయొచ్చన్నారు. ఆయన మళ్ళీ పొలంలో పడ్డాడు, మొక్కకి నీళ్ళు పోసే పని వెంకటేశ్వరమ్మ మీద పడింది. ఆవిడ సంగతేమిటంటే, పిలకలు తీయడంలో ఊళ్ళో ఆవిడ కన్నా చురుకైన చెయ్యి లేదు. మీరు ఊహించిందే. వానలకి ఎడమవైపు మళ్ళీ చిగురొచ్చింది. ఒక రోజు చెంబుతో నీళ్ళు పోస్తూ, పాలబ్బాయి ఇంకా రాలేదేమిటా అని వీధి చివరికి చూస్తూ, రెండో చేత్తో గిల్లి పారేసింది.

బాపయ్య మాట మానేశాడు. తలలు తుంచే రోజులు పోయాయి, ఆకు కోసే రోజులు పోయాయి, బ్యారన్ మంట ఆరింది, ఆయన మాత్రం భార్యతో మాట్లాడలేదు. మధ్యలో నలిగింది నేనండీ. ఆయన వాళ్ళ అరుగు మీద కూర్చుని, టీచరుగారూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పండి అంటాడు. నేను వీధి దాటి వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి చెప్పాలి. ఆవిడ, డబ్బా అక్కడే ఉంది వేసుకోమనండి అంటుంది. ఆ మాట పట్టుకుని మళ్ళీ అరుగు మీదికి రావాలి. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది ఒక్క గుమ్మం. ఇంతకన్నా ఎనిమిదో తరగతి బి సెక్షను నయం.

ఒకరోజు ఆవిడ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

“నేను కావాలని చేశానా టీచరుగారూ? చెయ్యి చేసింది. ఆయన చెయ్యి చేస్తే పొరపాటు, నా చెయ్యి చేస్తే తప్పు. ఇదెక్కడి న్యాయం?”

ఆవిడ తమ్ముడు సురేంద్ర ఒంగోల్లో ఎరువుల కొట్టు నడుపుతాడు. అతనికి కబురు పెడితే వచ్చాడు. ఇద్దరినీ భోజనానికి ఎదురెదురుగా పీటల మీద కూర్చోబెట్టి, ఏం బావా, ఓ పిలక కోసం మా అక్కని వదిలేస్తావా అని అడిగాడు. బాపయ్య కంచం పక్కకి జరిపాడు.

“పిలక కాదురా. కొమ్మ.”

అంతకాలం తర్వాత ఆ ఇంట్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. వెంకటేశ్వరమ్మ పకపకా నవ్వేసింది. ఇంకేం చేస్తుంది?

మూడోసారి వచ్చినదాన్ని రోహిణి కార్తె ఎండ మాడ్చేసింది. తడిపిన గోనెపట్టాలు కట్టినా ఆగలేదు. ఇక ఈ జన్మకింతే అని నేను గట్టిగా చెప్పేశాను. మళ్ళీ కొమ్మ పేరెత్తితే మీ అరుగు తొక్కనన్నాను. సాయంత్రానికి నేనే వెళ్ళాను, అది వేరే సంగతి.

నాలుగోసారి చిగురొచ్చినప్పుడు వెంకటేశ్వరమ్మే ఓ పని చేసింది. పాత చీర అంచు చింపి మొక్క మొదట్లో ముడేసింది. ఎందుకే అది అని ఆయన అడిగితే, నా చేతికి చెప్పడానికి అంది. చెయ్యి అటు పోయినప్పుడల్లా ముడి తగిలేదట, వెనక్కి తీసుకునేదట. ఆ చిగురు బతికిందండీ. ఒక జత ఆకులు, తర్వాత ఇంకో జత. అగ్గిపుల్లంత అయింది. ఆ మొక్క ఎదగడం చూస్తుంటే ఒళ్ళు మండుకొస్తుంది నాకు. మిరప వేస్తే ఆర్నెల్లలో కాయ కోసి కల్లంలో ఆరబోస్తారు. ఇది ఏడాదికి ఓ గోరంత. ఎదుగుతోందో, బతికి ఉన్నానని మనల్ని మభ్యపెడుతోందో కూడా తెలియదు.

కొమ్మ కాస్త ముదిరాక తీగ చుట్టాలి. అద్దంకిలో మోటార్లకి వైండింగు చేసే నాగూర్ వలి పాత రాగి తీగ ఇచ్చాడు. ఇవ్వడమే కాదు, చూడటానికి మోటారు సైకిలేసుకుని వచ్చాడు కూడా. మొక్కని అటునుంచీ ఇటునుంచీ చూసి, బాపయ్యన్నా, ఇది ఎన్ని హార్స్‌పవరు అని అడిగాడు. బాపయ్యకి ఆ హాస్యం నచ్చలేదు. కానీ తీగ చుట్టింది నాగూర్ వలే. చుట్టు చుట్టుకీ మధ్య సరిసమానంగా సందుండేలా, కొమ్మకి నొప్పి తగలనట్టు చుట్టాడు. దాన్ని నెమ్మదిగా, నెలకింత చొప్పున కిందికి వంచుతూ వచ్చారు. పోయినేటికి అది వేలంత పొడుగై, చెయ్యి చాపినట్టు ఎడమవైపుకి సాగింది. మొదటిసారి ఆ చీపురు చెట్టులా కనపడింది. మా ఊళ్ళో ఒక్కరూ దాన్ని చూసి మెచ్చుకోలేదు. ఒకతను మాత్రం, ఇది కాయదా అని అడిగి పోయాడు.

అప్పటికి బాపయ్య పొగాకు మానేశాడు. పొలం మిరప వేసుకునేవాళ్ళకి కౌలుకిచ్చి, ఖాళీ బ్యారన్ నీడన మొక్క ముందు కూర్చునేవాడు. ఈలోగా కళ్ళకి శుక్లాలు. కొమ్మ చివర కొత్త ఆకు వచ్చిందా లేదా అని వేలితో తడిమి చూసుకునేవాడు. ఆపరేషను చేయించుకోవయ్యా మగడా అని వెంకటేశ్వరమ్మ, చేయించుకోండి అని నేను, చెయ్యిస్తాను రా బావా అని సురేంద్ర. వినడే. నేను వెళితే దీన్నెవరు చూస్తారంటాడు. ఎట్టకేలకి పోయిన వారం సురేంద్రే వచ్చి ఒంగోలు తీసుకెళ్ళడానికి ఆటో ఎక్కించాడు. ఎక్కేముందు బాపయ్య కొమ్మని ఓసారి తడిమి, వెంకటేశ్వరమ్మ వైపు తిరిగి, నువ్వున్నావుగా అన్నాడు. అంతే అన్నాడు. ఆటో మలుపు తిరిగాక ఆవిడ నాతో, విన్నారా, ఏమన్నాడో విన్నారా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆ రోజునుంచీ ఆవిడ అరుగు దిగలేదు. కూరగాయలు కూడా అక్కడే కూర్చుని తరిగేది. కోడి వస్తే తోలేది, మేక వస్తే తోలేది. పని లేనప్పుడు మాత్రం చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చునేది.

ఇక కొండమ్మ. ఈవిడ కూలి ముఠా మేస్త్రి. బాపయ్య పొలంలో పిలకలు తీయడానికి ఏటా ఆడవాళ్ళని తీసుకొచ్చింది ఈవిడే. ఒక ఏడు తుపాను వచ్చి బ్యారన్ పైకప్పు లేచిపోతే, ఊళ్ళో మగవాళ్ళు కూడా గుమ్మం దాటని రోజున, పిలవకుండానే ముఠాని వెంటేసుకొచ్చి ఆకంతా లోపలికి చేర్చింది. ఇప్పుడు పొగాకు లేదు కాబట్టి ప్రత్తిపాడు వైపు మిరప కోతలకి తీసుకుపోతోంది. బాపయ్యకి కంటి ఆపరేషనని తెలిసి మొన్న పలకరించడానికి వచ్చింది. నేను ఊళ్ళో లేను, అద్దంకి బ్యాంకుకి వెళ్ళాను.

వచ్చినావిడ అరుగు మీద కూర్చుంది. వెంకటేశ్వరమ్మ ఇన్నాళ్ళకి ధైర్యంగా లోపలికి వెళ్ళింది, మనిషి కాపలా ఉంది కదా అని. టీ పెడుతోంది. బయటినుంచి కొండమ్మ, అక్కా, కాస్త వేపనూనె ఉందా అని అడిగింది. మోకాళ్ళకేమో అనుకుని ఈవిడ సీసా కిటికీలోంచి అందించింది. టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చేసరికి కొండమ్మ చేతులు తుడుచుకుంటోంది.

“పాపం అన్నకి కళ్ళు కనపడక ఎన్ని పిలకలు వదిలేశాడో చూడక్కా. అన్నీ తీసేశా. మళ్ళీ రాకుండా నూనె కూడా పెట్టా. ఎవరో పిల్లకాయలు తీగ చుట్టి ఆడుకున్నట్టున్నారు, అదీ ఇప్పేశా.”

పొగాకులో పిలక గిల్లిన చోట నూనె చుక్క వేస్తారు. ఆకు మొదట్లో కన్నులా ఉండే చోట దాగిన చిగురు చచ్చిపోతుంది, ఇక పుట్టదు. కుడివైపు ముదురు కొమ్మలు వదిలేసింది గానీ, పిలకల దగ్గర కొండమ్మ ఒక్క చుక్క తక్కువ వేయలేదు. ఎడమ కొమ్మని మొదలంటా తీసేసి, ఆ గాటు మీద కూడా వేసింది. రాగి తీగ శుభ్రంగా ఉండ చుట్టి మేకుకి తగిలించింది.

వెంకటేశ్వరమ్మకి నోరు రాలేదట. ఆవిడకి నోరు రాలేదంటే నేను నమ్మలేకపోయాను. టీ ఇచ్చింది. కొండమ్మ తాగింది, మనవరాలి సంగతులు చెప్పింది, అన్న వచ్చాక మళ్ళీ వస్తానంది, వెళ్ళిపోయింది.

నేను బస్సు దిగి వచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. కొమ్మ ముక్క ఒళ్ళో ఉంది. నేను సబ్బునీళ్ళు, దూది తీసుకొచ్చి గాట్లన్నీ తుడిచాను. ఏం లాభమో ఏమిటో. ఊటీ నర్సరీ ముసలాయన నెంబరు నా దగ్గర లేదు, ఆయన ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఇప్పుడే వెళ్ళి ఆ కొండమ్మని కడిగి పారేస్తానని లేచాను. వెంకటేశ్వరమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఆయనకి నేనే గిల్లానని చెప్పండి.”

ఎందుకలా చెప్తాను అని అరిచాను నేను.

“నా మీద అలగడం ఆయనకి అలవాటే. నేనెట్టాగో పడతా. కొండమ్మ మీద కోపం వస్తే దాన్నెక్కడ పెట్టుకుంటాడు? ఆ మనిషిని తిట్టలేడు, తిట్టకుండా ఉండలేడు. నూనె సీసా ఇచ్చింది నేనే కదా, సగం నిజమేగా.”

“ఆటో ఎక్కేముందు ఆయన మీతో ఏమన్నాడో మర్చిపోయారా?”

“మర్చిపోలా. అందుకే చెప్తున్నా.”

చూశారా ఈ మనుషుల్ని? ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు, ఒక్కరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. కోపం మాత్రం గొంతుదాకా ఉంది నాకు. కొండమ్మ ప్రేమ కొద్దీ చేసింది. ఈవిడ ప్రేమ కొద్దీ నింద నెత్తినేసుకుంటానంటోంది. మధ్యలో అబద్ధం చెప్పాల్సింది నేను. ఇన్నేళ్ళు పిల్లలకి నీతి పద్యాలు బట్టీ పెట్టించినదాన్ని.

నిన్న పొద్దున బాపయ్యే సురేంద్ర సెల్లు నుంచి మా ఇంటికి ఫోను చేశాడు, వాళ్ళింట్లో ఫోను లేదు. ఆ గొంతులో హుషారు మీరు వినాలి. గోడ మీద బల్లి కాళ్ళు కూడా కనపడుతున్నాయట. క్యాలెండరులో వర్జ్యం అద్దాలు లేకుండా చదివాడట. ఇంకో కంటికి తర్వాతట.

“వచ్చీరాంగానే కొమ్మ చూడాలి టీచరుగారూ. ఇంతకాలం తడుముకోవడమేగా. కొత్త జత ఆకులేసిందా?”

లైను సరిగా లేదండీ అన్నాను. హలో హలో అని రెండుసార్లు అని పెట్టేశాను. పక్కన వెంకటేశ్వరమ్మ నిలబడి ఉంది.

ఎల్లుండి పంపించేస్తానని సురేంద్ర అన్నాడట. రాత్రంతా ఆలోచించాను. ఆవిడ చెప్పమన్న అబద్ధం చెప్పను. చెప్పానా, ఆయన మళ్ళీ మాట మానేస్తాడు, ఆ ఇల్లు మళ్ళీ మూగబోతుంది. ఈసారి ఉప్పు కబుర్లు మోయడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. జరిగింది జరిగినట్టు చెప్తాను. కొండమ్మ పేరు చెప్తాను, ఎందుకు చేసిందో చెప్తాను, నూనె ఎందుకిచ్చారో కూడా చెప్తాను. అలిగితే ముగ్గురి మీదా అలగమనండి, తలా కాస్త పంచుకుంటాం. తీగ మేకుకే ఉంది, మొదలు పచ్చిగానే ఉంది, చిగురేస్తుందో లేదో ఆయన ఇష్టమొచ్చినంతకాలం చూసుకోమనండి.

కానీ ఇంకో చిక్కుందండీ. ఆపరేషనైన కంటితో ఇది చెయ్యకూడదు అది చెయ్యకూడదని డాక్టరు పెద్ద పట్టికే చెప్పాడట. వంగకూడదు, తుమ్మకూడదు, గట్టిగా అరవకూడదు, కన్ను తడవకూడదు. అరవడం సంగతి సరే, బాపయ్య ఎలాగూ అరవడు. తడవడం సంగతే నా భయం.

అందుకని ముందు సురేంద్రకి ఫోను చేస్తాను. మీ బావకివ్వకు, నువ్వే కొట్టు బయటికొచ్చి విను అంటాను. జరిగింది చెప్పి, మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, మనిషి ఎప్పటినుంచి ఏడవొచ్చో కనుక్కుని రమ్మంటాను. ఆయన సరేనన్నదాకా ఏదో ఒక వంక పెట్టి బావని అక్కడే ఉంచుకోమంటాను. ఇప్పుడే చేసేదాన్ని, ఈ వేళప్పుడు కొట్లో ఎరువుల బస్తాలు దిగుతుంటాయి, ఒక్క ముక్క వినపడదు. కాస్త ఎండ తగ్గాక చేస్తాను.